అప్‌డేట్: డిఫెన్స్‌మన్ ప్లస్-మైనస్ ఎందుకు కుప్పకూలింది?

ఐస్ హాకీలో ఒక డిఫెన్స్‌మన్ (రక్షణ ఆటగాడు) ఆట మారినట్టు కనిపించకపోయినా, ప్లస్-మైనస్ (అతను మంచు మీద ఉన్నప్పుడు జట్టు వేసిన గోల్స్‌లోంచి, జట్టుకు పడిన గోల్స్ తీసేస్తే వచ్చే అంకె) ఒక్క సీజన్‌లోనే ఎందుకు పడిపోయిందని అడిగింది నేనే. జవాబు దొరికింది. సాయం చేసినవారికి కృతజ్ఞతలు.

"అతను మంచు మీద ఉన్నప్పటి సేవ్ శాతం (గోల్ వైపు వచ్చిన షాట్లలో గోలీ, అంటే గోల్‌కీపర్, ఆపినవాటి శాతం) చూడండి" అన్న సలహాయే పనిచేసింది. ఇరుజట్లూ పూర్తి బలంతో ఆడిన సమయానికి లెక్క తీశాను. ప్రత్యర్థుల షాట్ ప్రయత్నాలు, వాటి నాణ్యతను బట్టి అంచనా వేసే గోల్స్ దాదాపు పాత స్థాయిలోనే ఉన్నాయి. మారింది వెనకనున్న గోలీ. 500 షాట్లలో 92 శాతం ఆపే గోలీకి 40 గోల్స్ పడతాయి, 90 శాతం ఆపేవాడికి 50. ఆ పది మైనస్‌లూ అప్పుడు మంచు మీదున్న స్కేటర్ల (గోలీ కాని ఆటగాళ్ల) ఖాతాలోకే! ఇంతకాలం అతన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

పక్కన ఆడే డిఫెన్స్ జోడీ మారడం కారణమనుకున్నాను, కాదు. పెనాల్టీ కిల్‌లో (శిక్ష వల్ల మన జట్టులో ఒకరు తగ్గినప్పుడు) ఆడిన సమయం కూడా ఈ పతనానికి కారణం కాదు: పవర్ ప్లేలో (అలా ఎక్కువ మంది ఉన్న ప్రత్యర్థి జట్టు దాడిలో) పడిన గోల్ ప్లస్-మైనస్‌లోకి రాదు.

ఇది తిరగేసి కూడా చూడాలి. 1976-77లో మాంట్రియల్ డిఫెన్స్‌మన్ ల్యారీ రాబిన్సన్ +120 సాధించాడు, గొప్ప ఆటగాడే, కానీ అతని వెనక ఉన్నది మేటి గోలీ కెన్ డ్రైడెన్. ఒక్క సీజన్ సేవ్ శాతంలో అదృష్టం పాలు ఎక్కువ కాబట్టి, ఇకపై కనీసం రెండు మూడు సీజన్లు కలిపి చూస్తాను.