తల్లికి అల్జీమర్స్ వస్తే పిల్లలు జీన్ టెస్టు చేయించుకోవాలా?

ఏలూరు ఆడపడుచు:
మా అమ్మ రిటైర్డ్ టీచరు, 71 ఏళ్ళు. పాల లెక్క పుస్తకంలో ఒకే తారీఖు మూడుసార్లు వేసి, మూడుచోట్లా అర లీటరని రాసింది. డాక్టరు గారు అల్జీమర్స్ అన్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు ఉమ్మి పంపి టెస్టు చేయించుకుంటే ఏపీఓఈ ఈ4 (అల్జీమర్స్ ముప్పు పెంచే ఒక జీన్ రకం) ఒక కాపీ ఉందని వచ్చింది. "నువ్వూ చేయించుకో అక్కా" అని ఒకటే ఫోన్లు. నాకు 44. ఏం చేయమంటారు?

శ్రీకాకుళం రావు:
ఇప్పుడు వద్దమ్మా. ఈ4కీ అల్జీమర్స్‌కీ ముడి ఉందని 1993లోనే తేలింది. ఒక కాపీ ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. కానీ ఈ4 ఉండి కూడా చివరిదాకా చక్కగా ఉన్నవాళ్ళు ఎందరో. అసలు ఈ4 లేకుండానే జబ్బు పడ్డవాళ్ళూ ఎందరో. పైగా మీ తమ్ముడి కాపీ అమ్మగారిదే అని ఏముంది? నాన్నగారి వైపు నుంచీ వచ్చి ఉండొచ్చు.

యాభైల్లోపే, తరం తరువాత తరం జబ్బు పడే ఇళ్ళ సంగతి వేరు. అక్కడ చూసేది ప్రెసెనిలిన్, ఏపీపీ జీన్లు. అలాంటివి చాలా అరుదు, మీది ఆ కోవలోకి రాదు.

టెక్సాస్ మాధవి:
రావు గారూ, తెలుసుకుంటే బెంగపడి కుంగిపోతారనే కదా మీ భయం? అల్జీమర్స్ రోగుల పిల్లలకే ఫలితం చెప్పి చూసిన అమెరికా అధ్యయనం 2009లో వచ్చింది. ఫలితం తెలిసినవాళ్ళలో ఆందోళన, డిప్రెషన్ తెలియనివాళ్ళకంటే పెరగలేదు. ఆస్తి కాగితాలు, పొదుపు ముందే సర్దుకోవచ్చు. నా ఒంటి సంగతి నాకు తెలియొద్దని ఇంకొకరు ఎలా అంటారు?

శ్రీకాకుళం రావు:
బెంగ గురించి కాదమ్మా నేనన్నది. ఈ4 ఉందని తేలినా, లేదని తేలినా ఆవిడ చేయాల్సిన పని మారదు. అదీ నా అభ్యంతరం. ఇన్సూరెన్సు సంగతీ చూడండి. మీ దేశంలో జీన్లను బట్టి వివక్ష చూపకూడదనే 2008 చట్టం ఆరోగ్య బీమాలోనూ ఉద్యోగంలోనూ రక్షణ ఇస్తుంది గానీ, జీవిత బీమాకి వర్తించదు. తమ్ముడికి ఆ మాట చెప్పండి.

నల్గొండ ఫార్మసిస్ట్:
ఒక్క సందర్భంలో టెస్టు తప్పనిసరి అంటాను. లెకానెమాబ్ లాంటి మందు మొదలుపెట్టే ముందు. రెండు ఈ4 కాపీలు ఉన్నవాళ్ళకి ఆ మందుతో మెదడులో వాపు, చిన్న చిన్న రక్తస్రావాలు ఎక్కువ. అది జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకిచ్చే మందు. అంటే ఆలోచించాల్సింది అమ్మగారి టెస్టు గురించి, మీ టెస్టు గురించి కాదు.

టెక్సాస్ మాధవి:
పని మారదంటే ఒప్పుకోను. ఫలితం చూశాకే బీపీ మాత్ర వేళకి వేసుకునేవాళ్ళు ఉంటారు.

శ్రీకాకుళం రావు:
టెస్టులో ఈ4 లేదని వస్తే ఆ మాత్ర మానేసేవాళ్ళూ ఉంటారు, నాకు భయం వాళ్ళ గురించే. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 కారణాలు చెప్పింది, అన్నీ సరిదిద్దగలిగితే డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల) కేసుల్లో దాదాపు 45 శాతం ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం, ఒంటరితనం అందులోవే. నలభైల్లో చూసుకోవలసినవి ఇవి.

ఏలూరు ఆడపడుచు:
అందరికీ థాంక్స్ అండీ. టెస్టు ప్రస్తుతానికి పక్కన పెడుతున్నా. కొలెస్ట్రాల్ ఎప్పుడూ చూపించుకోలేదు, ఈ వారమే చూపించుకుంటా. అమ్మకి రెండేళ్ళుగా ఎడమ చెవి సరిగా వినపడదు. ఈ జబ్బు వచ్చాక మెషిన్ పెట్టిస్తే ఉపయోగం ఉంటుందా?