ఛాతీకి రేజరా, ట్రిమ్మరా? మన ఉక్కలో ఏది నయం

నాగావళి_గట్టు:
ఛాతీ మీది వెంట్రుకలు ఇంట్లోనే తీసుకునే విషయంలో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. రేజరు పెడితేనే పని శుభ్రంగా అవుతుందని ఒకరు, ఛాతీకి రేజరు తగిలించడమే తప్పు, ట్రిమ్మరు దగ్గరే ఆగాలని ఇంకొకరు. ఉగాది దాటితే శ్రీకాకుళం, విజయనగరాల్లో చెమట ఎలా కారుతుందో చెప్పక్కర్లేదు. ఈ ఉక్కలో ఏది నయమో తేల్చండి. "నాకేం కాలేదు" అనే జవాబులు వద్దు. ఎందుకు, ఎలా, ఎక్కడ బెడిసికొడుతుంది, అవి రాయండి.

వంశధార:
నాది రేజరు పక్షం. గడ్డం గీసుకున్నట్టే ఛాతీనీ గీసేస్తారు, చెడేది అక్కడే.

ముందు పొడుగు తగ్గించాలి. 3 మి.మీ. దాటిన వెంట్రుక బ్లేళ్ళ సందుల్లో ఇరుక్కుంటుంది, తెగకుండా పీక్కుపోతుంది. వెంట్రుకలు పొడిగా ఉండగానే పాత పేపరు పరిచి ట్రిమ్మరుతో కత్తిరించండి (బాత్‌రూం జాలీ కూడా బతికిపోతుంది). తరవాత గోరువెచ్చని నీళ్ళతో 5 నుంచి 10 నిమిషాల స్నానం. నీళ్ళు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తక్కువ ఒత్తిడికే తెగుతుంది. ఆపైన షేవింగ్ జెల్ రాసి 2 నిమిషాలు వదిలెయ్యండి.

అసలు పని వాలు కనిపెట్టడం. ముఖానికి వాలు తెలిసిపోతుంది. ఛాతీ మీద రెండు పక్కల నుంచీ వచ్చిన వెంట్రుకలు మధ్యలో కలిసి సుడి తిరుగుతాయి, చనుమొన చుట్టూ వేరే సుడి. అందుకని ముందురోజే పొడి ఛాతీని అరచేత్తో నిమిరి చూడండి. చెయ్యి జారిపోయిన వైపు వాలు, గరుగ్గా తగిలిన వైపు ఎదురు. రేజరు ఎప్పుడూ వాలునే నడవాలి. ఒక్కో గీత రెండు వేళ్ళ వెడల్పు మించకూడదు, నొక్కకూడదు, ప్రతి రెండు గీతలకీ బ్లేడు కడగాలి. మిగిలిపోయిన చోట మళ్ళీ జెల్ రాసి ఇంకొక్కసారి. మూడోసారి పోతే చర్మం పైపొర లేచిపోతుంది.

కాలర్ ఎముక దగ్గర, పక్కటెముకల మీద చర్మాన్ని రెండో చేత్తో కొంచెం సాగదియ్యండి. కొంచెమే. డోలు చర్మంలా బిగిస్తే వెంట్రుక పైకి లేచి తెగుతుంది, చెయ్యి వదలగానే కొన లోపలికి పోతుంది. చనుమొన మీద వేలు అడ్డం పెట్టి చుట్టూ గియ్యండి. నల్లని వలయం మీద మొలిచిన నాలుగు వెంట్రుకలకి రేజరు వద్దు, కొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెర చాలు. పుట్టుమచ్చలూ పులిపిర్లూ ఉంటే పక్కనుంచి పోవాలి.

చివర్లో చన్నీళ్ళు, రుద్దకుండా అద్దుకోవడం, వాసన లేని మాయిశ్చరైజరు. అంతే.

గంటస్తంభం_విజయనగరం:
వంశధార గారూ, విధానం తప్పు లేకుండా రాశారు. అదంతా ముఖానికైతే ఒప్పుకుంటాను. ఛాతీకి ఒప్పుకోను, అందుకు కారణం మీ సుడులకంటే పెద్దది.

రొమ్ము ఎముక మీది చర్మం కెలాయిడ్లు ఎక్కువగా వచ్చే చోట్లలో ఒకటి. భుజాలు, చెవి తమ్మెలు కూడా అదే జాబితా. కెలాయిడ్ అంటే గాయం మానాక మచ్చ తన హద్దు దాటి గట్టిగా, మెరుస్తూ పెరగడం. దానికి పెద్ద గాయం అక్కర్లేదు, లోపలికి పెరిగిన వెంట్రుక వాచి చేసిన పొక్కు చాలు. ముఖం మీద పొక్కు వారంలో మానిపోతుంది, అదే పొక్కు ఛాతీ నడిమధ్య ఏళ్ళ తరబడి దురద పెట్టే గడ్డ కావచ్చు. ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్ ఉంటే ఈ చర్చే అనవసరం, రేజరు పక్కన పెట్టెయ్యండి.

రెండోది మూడు బ్లేళ్ళ, ఐదు బ్లేళ్ళ రేజర్లు. మొదటి బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపే వెనకున్న బ్లేడు కోస్తుంది. తెగిన కొన చర్మం మట్టానికి కిందికి పోతుంది. ఛాతీ వెంట్రుక గిరజాలది. పైకి వచ్చే దారిలో పక్కగోడని పొడుచుకుంటుంది, అక్కడ ఎర్ర పొక్కు లేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. ఆపరేషను ముందు వెంట్రుకలు తియ్యక్కర్లేదు, తప్పదంటే క్లిప్పరే (ట్రిమ్మరు లాంటి మెషినే) వాడాలి, గీయడం ఎప్పుడూ వద్దని. కంటికి కనపడని గాట్లు సూక్ష్మజీవులకి తలుపులని అందులోని తర్కం.

రాజాం_రోడ్డు:
నున్నగా వొస్తాదంటన్నారు, బాగుంది. మరి మూడో రోజు ముళ్ళ సంగతేటి? పొందూరు సన్న ఖద్దరు ఏసుకుంటే ప్రతి ముల్లూ పోగుకి తగులుకుంటాది. ఇంకో సంగతి, గీస్తే ఒత్తుగా మొలుస్తాదంటారు గదా, అది నిజమేటి?

వంశధార:
రాజాం బావూ, అది నిజం కాదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదురులో, బ్లేడు అక్కడికి పోదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికా శాస్త్రవేత్త కొలిచి చూశారు, మందంలోనూ పెరిగే వేగంలోనూ తేడా కనపడలేదు. కోయని వెంట్రుకకి కొన సన్నగా తేలిపోతుంది, కోసినదానికి కొన మొద్దు. చేతికి గరుకు తగిలేది, ఒత్తు అనిపించేది అందుకే. ముళ్ళు మాత్రం నిజమే, ఒప్పుకుంటాను. రెండో రోజు మొదలై వారం దాకా ఉంటాయి.

గంటస్తంభం గారికి. ఆపరేషను మార్గదర్శకం సర్జను కత్తి దిగబోయే చర్మం గురించి. ఇంట్లో గీసుకున్నాక ఆ చర్మాన్ని ఎవరూ కొయ్యరు, రెండిటినీ ఒకే గాట కట్టకండి. కెలాయిడ్ మాట సరైనదే, నా మొదటి జవాబులో అది లేకపోవడం లోపమే. బ్లేళ్ళ గురించి కూడా సగం ఒప్పుకుంటున్నాను. అందుకే ఛాతీకి ఒకటి లేదా రెండు బ్లేళ్ళ రేజరే మేలు. ఐదు బ్లేళ్ళది ఒకే గీతలో ఐదుసార్లు గీకుతుంది.

ఏడురోడ్ల_కూడలి:
ఇద్దరూ క్రీము మర్చిపోయారు. తెలియకుండా వాడేవాళ్ళే ఎక్కువ కాబట్టి రాస్తున్నాను, మెచ్చుకుని కాదు.

వెంట్రుకలు రాల్చే క్రీముల్లో పనిచేసేది థయోగ్లైకోలేట్. వెంట్రుకలోని కెరటిన్‌కి బలం ఇచ్చే గంధకపు బంధాల్ని విడగొడుతుంది. చర్మం పైపొర కూడా కెరటినే, ఇంకొన్ని నిమిషాలు ఉంచితే దాన్నీ వదలదు. పెట్టె మీద రాసిన సమయం దాటకూడదు. "నాది మందపు వెంట్రుక, ఇంకో 5 నిమిషాలు" అనుకున్నవాళ్ళకే మంటలు, తోలు లేవడం. ముందురోజు ఛాతీ పక్కన రూపాయి బిళ్ళంత మేర రాసి, చెప్పిన సమయానికి కడిగేసి, 24 గంటలు చూడండి. చనుమొనకీ, ఎర్రగా ఉన్న చోటుకీ, అప్పుడే గీసిన చర్మానికీ రాయకూడదు.

ఇంకో మాట, బోరు నీళ్ళ ఊళ్ళవాళ్ళకి. చవుడు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి అవుతాయి. నురగ లేవదు, బ్లేడు జారదు, ఆ మడ్డి చర్మం మీదే ఉండిపోతుంది. స్నానపు సబ్బుతో గీసుకుని "ఎర్రబడింది" అనేవాళ్ళు ముందు నీళ్ళ సంగతి చూసుకోవాలి. జెల్ వాడి, ఆఖరున ఒక చెంబుడు ఫిల్టరు నీళ్ళతో కడిగితే చాలు.

చంపావతి:
పొక్కుల గురించి కాస్త వివరంగా. అన్నిటినీ "రేజరు పడలేదు" అని కొట్టిపారేస్తున్నారు, కానీ అవి మూడు రకాలు, మందులు వేరు.

ఒకటి, మర్నాటికే మంటతో కూడిన ఎర్రదనం. గీకుడు వల్ల వచ్చినది. చల్లటి తడిగుడ్డ, రెండు రోజుల విరామం, అదే సర్దుకుంటుంది. రెండు, నాలుగైదు రోజులకి వెంట్రుక మొదట్లో చీము తలతో లేచేది. కుదుట్లోకి సూక్ష్మజీవి చేరింది. గోరువెచ్చని గుడ్డ కాపడం రోజుకి రెండు మూడుసార్లు, 10 నిమిషాల చొప్పున. గిల్లకండి, పిన్నుతో వెంట్రుక తవ్వకండి. మూడు, ఒకే సైజు చిన్న పొక్కులు గుంపుగా, విపరీతమైన దురదతో. ఇది తరచుగా చెమట పట్టే ఛాతీ మీద పెరిగే ఈస్టు (బూజు జాతి సూక్ష్మజీవి) వల్ల. యాంటీబయాటిక్‌కి లొంగదు, ఒక్కోసారి పెరుగుతుంది.

మందుల షాపులో అడిగితే చాలా చోట్ల మూడు మందులు కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. అందులో క్లోబెటసాల్ లాంటి బలమైన స్టెరాయిడు ఉంటే రెండు రోజులు దురద తగ్గి, ఆపైన రెట్టింపు తిరగబడుతుంది. తామర ఉన్నచోట రాస్తే మరీ ఘోరం. తామర, శోభి, చెమటకాయలు ఉన్న ఛాతీ మీద రేజరూ వద్దు, అవి తగ్గాకే. సుగరు ఉన్నవాళ్ళకీ, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళకీ ట్రిమ్మరే. ఎరుపు పాకుతున్నా, జ్వరం తగిలినా ఇంటి వైద్యం ఆపి డాక్టరుకి చూపించండి.

అన్నదమ్ములు ఒకే రేజరు వాడుకోవడం మానాలి. హెపటైటిస్ బి వైరసు శరీరం బయట కనీసం 7 రోజులు బతికి ఉంటుంది.

గంటస్తంభం_విజయనగరం:
చంపావతి గారు చెప్పినవాటిలో మొదటి రెండూ రేజరు ఖాతాలోవే కదా! ట్రిమ్మరు కొన చర్మం పైనే ఉంచుతుంది, లోపలికి పెరిగే అవకాశం బాగా తక్కువ.

ఛాతీకి ట్రిమ్మరు ఎలా అంటే: వెంట్రుకలు పూర్తిగా పొడిగా, నూనె లేకుండా ఉండాలి. మొదట 3 మి.మీ. గార్డుతో (బ్లేడు మీద తగిలించే దువ్వెన లాంటి ముక్క), తరవాత 1 మి.మీ.తో, వాలుకి ఎదురుగా. ఎదురు నడిపినా తప్పు లేదు, గార్డు చర్మాన్ని ఆపుతుంది. చనుమొన దగ్గర గార్డు తియ్యకండి, వట్టి పళ్ళ మధ్య మెత్తటి చర్మం ఇరుక్కుని తెగుతుంది. చార్జింగ్ సగానికి దిగాక వేగం తగ్గి పీకే ట్రిమ్మర్లున్నాయి, నిండా చార్జి చేసి మొదలెట్టండి. పని అయ్యాక బ్రష్షుతో దులిపి ఒక చుక్క మెషిన్ నూనె. గజ్జల్లో వాడిన తలనే ఛాతీకి పెట్టకండి, అక్కడి తామర ఇక్కడికి వస్తుంది.

1 మి.మీ. దూరం నుంచి చూస్తే వెంట్రుక ఉన్నట్టే తెలియదు.

వంశధార:
దూరం నుంచి కదా. దేహదారుఢ్య పోటీలో వేదిక మీద లైట్లకి ఆ 1 మి.మీ. నీడలా కనిపిస్తుంది, రంగు పూత కూడా మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. అక్కడ రేజరు తప్పదు. పోటీకి రెండు రాత్రుల ముందు గీసి, ఆ మర్నాడు పరుగూ బరువులూ ఆపాలి. ఏడాది పొడుగునా నున్నగా ఉండాలనుకునేవాళ్ళ సంగతైతే, సరే, మీ మాటే.

రాజాం_రోడ్డు:
పెళ్ళికొడుకు మాటేటి మరి? నలుగు పెట్టే రోజున ఛాతీ కనపడతాది గదా. ఆ పొద్దున్నే గీసుకుంటే ఎలగుంటాది?

చంపావతి:
అస్సలు వద్దు. అప్పుడే గీసిన చర్మం మీద సున్నిపిండి రుద్దితే ఇసక కాగితం పెట్టినట్టే. పసుపు మంట సరేసరి. పటిక కూడా వద్దు, సెలూన్లో గడ్డం గాటుకి అద్దే ముక్క ఛాతీ అంతా రుద్దడానికి కాదు. గీయాల్సిందే అంటే నలుగుకి రెండు రోజుల ముందు రాత్రి, పడుకునేముందు. తెల్లారేదాకా చెమట తక్కువ, గుడ్డ రాపిడి తక్కువ. కొబ్బరినూనె రాయకండి, ఈ ఉక్కలో కుదుళ్ళు మూసుకుపోతాయి. కలబంద మట్ట కోస్తే తొక్క కింద కారే పసుపు జిగురు కడిగేసి, లోపలి తెల్ల గుజ్జే రాయండి, ఆ జిగురు కొందరికి దురద.

నాగావళి_గట్టు:
ఒక్క సందేహం మిగిలింది. జంధ్యం, మెడలో గొలుసు, రుద్రాక్ష ఉన్నవాళ్ళు?

వంశధార:
పొక్కులు గీతలా వరసగా లేచేది సరిగ్గా అవి రాసుకునే దారిలోనే. గొలుసు, రుద్రాక్ష రెండు రాత్రులు తీసి పెట్టండి. జంధ్యం తియ్యరు కాబట్టి గీసే ముందు వెనక్కి సర్దుకోండి, తడిసిన జంధ్యాన్ని బాగా పిండి ఆరాకే ముందుకి వేసుకోండి. లోపల వదులు నూలు బనీను.

గంటస్తంభం_విజయనగరం:
లేదా 1 మి.మీ. గార్డు.