రిటైరైన డబ్బు కొడుకు అమెరికా చదువుకు ఇవ్వాలా, దాచుకోవాలా?

కూర్మన్నపాలెం_నాన్న:
ఒక ప్రైవేటు కంపెనీలో 31 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి, 60 నిండి మొన్ననే దిగిపోయాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 34 లక్షలు చేతికొచ్చాయి. పింఛను నెలకు నాలుగు వేల చిల్లర, అంతే. బీటెక్ అయిన మావాడు అమెరికాలో ఎంఎస్ చేస్తానంటున్నాడు. నన్ను 20 లక్షలు ఇవ్వమని, మిగతాది బ్యాంకు లోను తీసుకుంటానని అంటున్నాడు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. పెద్దలు సలహా చెప్పండి.

సాగర్‌నగర్_అక్క:
ఇవ్వకండి అన్నయ్యా. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకం ఉంది. 8.2 శాతం వడ్డీ. 30 లక్షలు వేస్తే ఏడాదికి 2,46,000 వస్తుంది, ఇల్లు గడుస్తుంది. ఇంతకీ వదినగారు ఏమంటున్నారు?

ఎండాడ_కుర్రాడు:
ఇలాంటి వడ్డీ లెక్కలు చెప్పే మా నాన్న నన్ను ఆపేశారు. 2019లో నాకు సీటు వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో జీతంలో సగం అద్దెకే పోతోంది. వైజాగ్‌లో ఏముంది బాబాయ్? స్టీల్ ప్లాంటునే అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయం తీసుకున్న ఊరు ఇది. పంపించండి.

పెందుర్తి_రైతుబిడ్డ:
2019 వేరు, ఇప్పుడు వేరు తమ్ముడూ. 2025 సెప్టెంబరులో అక్కడి కంపెనీలు మనవాళ్ల కోసం పెట్టే ఉద్యోగ వీసా, అదే హెచ్1బీ, దాని కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. చదివాక ఉద్యోగం ఎవరిస్తారు?

ఎండాడ_కుర్రాడు:
అక్కడే చదువుకుని, దేశం దాటకుండా వీసా మార్చుకునేవాళ్లకు ఆ ఫీజు వర్తించదని అక్టోబరులోనే చెప్పారు. తెలుసుకుని రాయండి.

పెందుర్తి_రైతుబిడ్డ:
ఈరోజు చెప్పింది రేపు ఉంటుందా? అప్పు మాత్రం రేపూ ఉంటుంది.

మధురవాడ_మిత్ర:
గూగుల్ డేటా సెంటర్ ఇక్కడికే వస్తోంది కదా, ఆగమనండి.

ఎండాడ_కుర్రాడు:
డేటా సెంటర్ కట్టేటప్పుడే మనుషులు ఎక్కువ కావాలి. నడపడానికి కొద్దిమంది చాలు. దాన్ని నమ్ముకుని పిల్లాడి వయసు పాడుచేస్తారా?

సాగర్‌నగర్_అక్క:
అన్నయ్యా, వదినగారి మాట అడిగాను. మీరు చెప్పలేదు.

ఎండాడ_కుర్రాడు:
మాటిమాటికీ అదే ప్రశ్న ఏంటండీ? పిల్లల కోసం త్యాగం చేయడమంటే ఏమిటో మీకు తెలిసినట్టు లేదు.

సాగర్‌నగర్_అక్క:
తెలియకేం బాబూ. మావారు గ్రాట్యుటీ మొత్తం మా అబ్బాయి చదువుకే పెట్టారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నాలుగేళ్లకు ఆయన పోయారు. అబ్బాయి మంచివాడే, అడిగితే పంపుతాడు. కానీ షుగరు మందులు అయిపోతే వాడు నిద్ర లేచేదాకా, అంటే ఇక్కడ సాయంత్రం అయ్యేదాకా ఆగి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయడానికి ప్రతి నెలా సిగ్గుపడతాను. అది మీకు తెలుసా?

ఎండాడ_కుర్రాడు:
క్షమించండమ్మా, అలా అనకూడదు. నా బాధ వేరు. డబ్బు లేదంటే నేను ఊరుకునేవాణ్ని. నాకు లేదన్న ఏడాదే అక్క పెళ్లికి 18 లక్షలు ఖర్చుపెట్టారు. ఉండి కూడా నన్ను నమ్మలేదు, ఆ మాట ఇప్పటికీ మింగుడు పడదు.

అప్పుఘర్_చెల్లి:
పెళ్లికి పెట్టింది మీ అక్కకు ఇచ్చినట్టు కాదు అన్నా. మా ఇంట్లోనూ అంతే. ఆ డబ్బులో నా చేతికి ఒక్క రూపాయి రాలేదు. పైగా నీ వాటా అయిపోయిందంటారు.

కూర్మన్నపాలెం_నాన్న:
అందరి మాటలూ చదివాను. అక్కా, మీరు రెండుసార్లు అడిగారు. నిజం చెబుతున్నాను, ఇంతవరకు మా ఆవిణ్ని అడగనేలేదు. నాది కష్టార్జితం, నేను తేల్చుకోవాలి అనుకున్నాను. ఈరోజు అడిగాను. అన్నం వడ్డిస్తూనే, “వాడికి పది ఇవ్వండి, మిగతాది నా పేరున వెయ్యండి” అంది. ఇద్దరి పేరున వేద్దామన్నాను. “నా పేరునే” అంది. ముప్పై ఏళ్లలో నన్ను ఏదీ అడగని మనిషి.

ఎండాడ_కుర్రాడు:
పది లక్షలిస్తే మిగతాదంతా లోనే. మొదటి రోజు నుంచే వాడి నెత్తిన పడుతుంది బాబాయ్.

సాగర్‌నగర్_అక్క:
పడనివ్వండి, వయసున్నవాడు మోస్తాడు. అన్నయ్యా, వదినగారికి 60 నిండాయా? నిండకపోతే ఆ సీనియర్ సిటిజన్ పథకంలో ఆవిడ సొంతంగా చేరలేరు. నెలవారీ ఆదాయ పథకం అయితే వయసుతో పని లేదు. ఒక్కరి పేరున 9 లక్షల దాకా వేయొచ్చు. 7.4 శాతం చొప్పున నెలకు 5,550 ఆవిడ ఖాతాలోనే పడుతుంది.

కూర్మన్నపాలెం_నాన్న:
ఆవిడకు 54. రేపు ఇద్దరం కలిసి పోస్టాఫీసుకు వెళ్తున్నాం. మావాడికి ఇంకా చెప్పలేదు.