తిజి ఉజు: తంగేడు కనుమ అనొచ్చా?

అందరికీ నమస్కారం. అల్జీరియాలో పనిచేస్తున్న మా అబ్బాయి దగ్గరికి మొన్న ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు, అల్జీర్స్‌కి తూర్పున ఓ 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిజి ఉజు చూసొచ్చాను. కబిలియా కొండసీమకు పెద్ద పట్నం అది. అక్కడివాళ్ళు మాట్లాడేది కబిలీ. ఉత్తర ఆఫ్రికా మూలవాసుల భాష తమజిగ్త్‌లో అదొక రూపం. బోర్డుల మీద అరబ్బీ, ఫ్రెంచి పక్కనే వాళ్ళ సొంత లిపి తిఫినాగ్ కనపడితే ఎంత ముచ్చటేసిందో!

'తిజి' అంటే కొండల మధ్య దారి, మన కనుమ. దారిలో డ్రైవరు కారాపి ఓ పొద చూపించాడు. ఆకు కనపడకుండా పసుప్పచ్చని పూలు. "అరె, తంగేడే!" అని కొమ్మ పట్టుకున్నాను. చూపుడువేల్లో ముల్లు దిగింది. అతను నవ్వలేదు, గబగబా వచ్చి ముల్లు తీసి "అజెజ్జు" అన్నాడు. ఊరికి పేరిచ్చిన మొక్క అదేనట. యాత్ర గురించి రాస్తూ ఇక్కడ ఆగిపోయాను. 'తంగేడు కనుమ' అని రాయొచ్చా?

జవాబు (మదనపల్లె నుంచి):
కనుమ బాగుందన్నా, ఘాటు అని మాత్రం రాయొద్దు. మా పక్క ఇప్పటికీ "కనమ దిగితే ఊరొచ్చేస్తాది" అంటారు. పండగ కనుమ అనుకుంటారేమోనని భయపడాల్సిన పని లేదు, తూర్పు కనుమలు బడిపిల్లలకి కూడా తెలుసు. తంగేడు మాత్రం ఒప్పుకోను. తంగేడుకి ముల్లెక్కడిది? రెండూ చిక్కుడు కుటుంబానివే, పూల రంగూ ఒకటే, అంతవరకే.

జవాబు (హైదరాబాదు నుంచి, తెలుగు పంతులుని):
అజెజ్జు ఉజు ఎలా అయిందని ఎవరూ అడగలేదేం? నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. ఆ భాషలో నామవాచకం మరో మాటకి లోబడితే మొదటి అచ్చు మారుతుంది. 'అర్గజ్' అంటే మగమనిషి, 'అఖ్ఖామ్' అంటే ఇల్లు. మగమనిషి ఇల్లు అనాలంటే 'అఖ్ఖామ్ న్ ఉర్గజ్'. అర్గజ్ కాస్తా ఉర్గజ్ అయింది. అలాగే అజెజ్జు ఉజెజ్జు అవుతుంది. జనం నోట అరిగి 'తిజి వెజ్జు', అదే మనం రాసే తిజి ఉజు. ఇప్పుడు మన ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, రాయి–రాతి తలుచుకోండి. ఇల్లు గోడ అనం, ఇంటి గోడ అంటాం. మన మార్పు (దాన్నే ఔపవిభక్తికం అంటాం) మాట చివర వస్తుంది, వాళ్ళది మొదట వస్తుంది. చుట్టరికం ఏమీ లేని రెండు భాషలు ఒకే పనిని చెరో కొసన చేస్తున్నాయి! తరగతిలో పిల్లలకి చెప్పాలి ఇది.

జవాబు (విజయవాడ నుంచి):
అన్నయ్యగారూ, ఒక్క మనవి. వ్యాసంలో ఆ జనాన్ని 'బెర్బర్లు' అని రాయకండి. పరాయి మాట మాట్లాడేవాణ్ణి గ్రీకులు 'బార్బరోస్' అన్నారు, దాన్నుంచి వచ్చిన పేరది. సంస్కృతంలోనూ బర్బరుడంటే అనాగరికుడే. తెలుగులో చదివేవాళ్ళకి ఆ వాసన ఇంకా తగులుతుంది. వాళ్ళు తమని తాము పిలుచుకునే పేరు అమజిగ్, బహువచనం ఇమజిగెన్. 'స్వేచ్ఛాజీవి' అని అర్థం చెప్పుకుంటారు.

అడిగినవాణ్ణి మళ్ళీ:
అమ్మాయ్, నిజమే, మార్చేశాను. 1980 మార్చి 10న ఆ ఊళ్ళోనే కబిలీ రచయిత మౌలూద్ మమ్మెరి ప్రాచీన కబిలీ కవిత్వం మీద ఇవ్వాల్సిన ఉపన్యాసాన్ని ప్రభుత్వం ఆపేసింది. దాంతో మొదలైన ఉద్యమాన్ని 'తఫ్సుత్ ఇమజిగెన్' అంటారు, అమజిగుల వసంతం. తమజిగ్త్‌కి అధికార భాష హోదా రావడానికి 2016 దాకా పట్టింది. ఇప్పుడక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరే. ఒక కవిత్వ ఉపన్యాసం కోసం జనం వీధుల్లోకి వచ్చిన ఊరి వాళ్ళని వాళ్ళ పేరుతోనే పిలవాలి.

పంతులుగారూ, అచ్చు మారడం గురించి రాసింది రెండుసార్లు చదువుకున్నాను. తంగేడు తీసేసి 'ముళ్ళపూల కనుమ' అని రాశాను. శ్రీకాకుళం, మన్యం వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, అక్కడ కనుమకి వేరే మాట వాడతారా?