చైనాలో డాంగ్ తెగ ఊళ్ళకి టూర్ ప్యాకేజీ లేకుండా సొంతంగా వెళ్ళొచ్చా? ఎవరైనా వెళ్ళొచ్చారా?

చీరాల_మగ్గం:
అందరికీ నమస్కారం. మాది చీరాల, నాన్న మగ్గం నేసేవారు, నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. కొన్నాళ్ళ కింద ఒక వీడియో చూశా, దక్షిణ చైనాలో గ్వేజో అనే రాష్ట్రంలో డాంగ్ తెగ ఊరంట, ఒక ముసలావిడ నీలిమందులో ముంచిన బట్టని మడతలు పెట్టి రాయి మీద వేసి గూటంతో కొడుతోంది, కొట్టేకొద్దీ ఆ బట్ట తోమిన రాగి చెంబులా మెరుస్తోంది. నాన్నకి చూపిస్తే ఆయన ఫోన్ చేతిలోంచి ఇవ్వలేదు, నాలుగుసార్లు చూశారు. అప్పట్నుంచి వెళ్ళాలనే ఉంది.

ఒక ఏజెంట్‌ని అడిగితే చైనా మొత్తం 8 రోజుల గ్రూప్ టూర్ చెప్పాడు, అందులో డాంగ్ ఊరు ఒక్క పూట, బస్సు దిగి ఫోటోలు తీసుకుని బస్సెక్కడమే. నాకలా వద్దు, ఊళ్ళో ఉండాలి. నేను, మా ఆవిడ ఇద్దరమే, అక్టోబర్‌లో ఒక 10 రోజులు. ఇద్దరికీ చైనీస్ ఒక్క ముక్క రాదు. మా ఆవిడ పూర్తిగా వెజ్, గుడ్డు కూడా ముట్టుకోదు. ఏ ఊరు, ఎలా చేరాలి, ఎక్కడ పడుకోవాలి, వెళ్ళినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పగలరా.

గ్వాంగ్షీ_డాక్టరమ్మ:
వెళ్ళొచ్చండి, భయపడకండి. నేను గ్వేజో పక్కనే ఉన్న గ్వాంగ్షీలో, నాన్నింగ్ సిటీలో ఎంబీబీఎస్ చదివినప్పుడు సెలవులకి మూడుసార్లు అటువైపు వెళ్ళాను. మొదట చెప్పాల్సింది ఏంటంటే అక్టోబర్ 1 నుంచి 7 వరకు మాత్రం అస్సలు పెట్టుకోకండి, వాళ్ళ నేషనల్ డే సెలవులు, మన సంక్రాంతికి విజయవాడ బస్టాండ్ ఎలా ఉంటుందో దేశం మొత్తం అలా ఉంటుంది, రూములు దొరకవు, రైలు టికెట్లు దొరకవు. 10 తర్వాత పెట్టుకోండి. కోతల టైం కూడా కాబట్టి ఊళ్ళు చాలా బాగుంటాయి.

ఒకప్పుడు గ్వాంగ్షీలోని గ్వేలిన్ నుంచి బస్సుల్లో రోజంతా కొండలు తిరుగుతూ వెళ్ళాల్సొచ్చేదట. 2014 డిసెంబర్‌లో గ్వేజో రాజధాని గ్వేయాంగ్ నుంచి గ్వాంగ్‌ఝో దాకా హైస్పీడ్ రైలు వచ్చాక అంతా మారిపోయింది. గ్వాంగ్‌ఝో సౌత్ స్టేషన్‌లో ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో త్సోంగ్‌జియాంగ్ స్టేషన్‌లో దిగిపోతారు, గ్వేలిన్ నుంచైతే గంటన్నర లోపే. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు, జాగ్రత్త. త్సోంగ్‌జియాంగ్ స్టేషన్ త్సోంగ్‌జియాంగ్ టౌన్‌లో లేదు, టౌన్ చాలా దూరం. స్టేషన్‌కి దగ్గర జావోషింగ్ అనే పెద్ద డాంగ్ ఊరు, బండిలో పది పదిహేను నిమిషాలు అంతే. నేను మొదటిసారి పేరు చూసి టౌన్‌లో హోటల్ బుక్ చేసుకుని రాత్రిపూట కొండ దారిలో అంత దూరం పోయాను.

రైలు టికెట్లు 12306 అనే రైల్వే యాప్‌లో పాస్‌పోర్ట్ నంబర్‌తో తీసుకోవచ్చు, ఇంగ్లీష్ కూడా ఉంది, 15 రోజుల ముందు ఓపెన్ అవుతాయి. కాగితం టికెట్ ఉండదు, పాస్‌పోర్టే టికెట్. ఆటోమేటిక్ గేటులో మన పాస్‌పోర్ట్ తీసుకోకపోతే కంగారు పడొద్దు, పక్కన మనిషి ఉండే గేటు ఉంటుంది.

డబ్బుల విషయం, అలీపే (మన ఫోన్‌పేలాంటి వాళ్ళ యాప్) ఇక్కడే ఫోన్‌లో వేసుకుని వీసానో మాస్టర్ కార్డో లింక్ చేసుకోండి, బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేయడం మర్చిపోకండి. 200 యువాన్లు దాటిన పేమెంట్‌కి 3 శాతం ఫీజు పడుతుంది. కూరగాయలమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ ఉంటుంది కానీ కొండ మీద ఊళ్ళలో కొంచెం చిల్లర నోట్లు ఉంచుకోవడం మంచిది. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో రావు, మన సిమ్ ఇంటర్నేషనల్ రోమింగ్‌లో ఉంటే మాత్రం నాకు పనిచేశాయి. మ్యాప్ కోసం వాళ్ళ గావ్‌ద యాప్ వాడండి, గూగుల్ మ్యాప్‌ని నమ్ముకుంటే దారి తప్పుతారు.

సింగపూర్_శ్రీకాకుళం:
డాక్టర్ గారు దారి అంతా చెప్పేశారు కాబట్టి నేను ఊళ్ళ గురించి చెప్తా. మేము ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి సింగపూర్ నుంచి వెళ్ళాం, 9 రోజులు, ఇద్దరికీ చైనీస్ రాదు (ఫోన్ ట్రాన్స్‌లేటర్‌తో నడిపించాం).

అన్నా, నా మాట ఒక్కటే, ఎక్కువ ఊళ్ళు పెట్టుకోకు. మేము మొదటి నాలుగు రోజుల్లో ఐదు ఊళ్ళు తిరిగాం, ఇప్పుడు తలుచుకుంటే ఏ వంతెన ఏ ఊరిదో గుర్తు లేదు, ఆఖరి ఐదు రోజులు రెండే ఊళ్ళలో ఉన్నాం, అవి మాత్రం ప్రతి గడప గుర్తుంది.

జావోషింగ్ బాగుంటుంది, కాదనను. ఐదు వంశాలు, ఒక్కో వంశానికి ఒక్కో డ్రమ్ టవర్ (మన రచ్చబండలా జనం కూడే చెక్క గోపురం), ఐదు టవర్లు, వాటికి కన్ఫ్యూషియన్ సంప్రదాయంలోని ఐదు గుణాల పేర్లు. మేకు లేకుండా చెక్కలు ఒకదానిలో ఒకటి దూర్చి కట్టిన టవర్లు, చూరులు అంచెలంచెలుగా, అదీ ఎప్పుడూ బేసి సంఖ్యలోనే. కానీ ఊరంతా షాపులు, కాఫీలు, ఎంట్రీ టికెట్, రాత్రి లైట్లు. ఒక రాత్రి చాలు. మర్నాడు పొద్దున్నే పైన తాంగ్‌ఆన్ అనే ఊరికి బండిలో వెళ్ళి అక్కడే పడుకోండి. కొండ కొసన ఊరు, కింద అంతా మెట్ల పొలాలు. చైనా, నార్వే కలిసి ఆ ఊరినే మ్యూజియంగా చేశారు, అంటే అద్దాల పెట్టెలు ఉండవు, జనం మామూలుగా బతుకుతుంటారు. తిరిగొచ్చేటప్పుడు బండి ఎక్కకుండా పొలాల గట్ల మీదుగా షియాగ ఊరి గుండా జావోషింగ్‌కి నడిచి దిగండి, గంట, గంటన్నర.

నువ్వు చూడాలనుకున్న బట్ట తాంగ్‌ఆన్‌లోనే చూశా. సాయంత్రం నాలుగింటికి ఎక్కడో టక్ టక్ అని ఒకటే వరసలో శబ్దం, వడ్లు దంచుతున్నారేమో అనుకుని వెళ్తే ఇంటి కింద ఒకావిడ కూర్చుని గూటంతో బట్ట కొడుతోంది. చేతులు మోచేతి దాకా నీలం, గోళ్ళలో కూడా నీలం. పక్కన గిన్నెలో గుడ్డు తెల్లసొన. ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం, కొట్టడం, తెల్లసొన పూయడం, మళ్ళీ కొట్టడం, ఇలా రోజుల తరబడి చేస్తారంట. వాసన చూపించింది, నీలిమందు పులిసిన వాసన, ఘాటుగా. నేను కొడతా అని సైగ చేస్తే గూటం ఇచ్చింది, పది దెబ్బలకే నా భుజం లాగేసింది. ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయి.

ఇంకో ఊరు షియావ్‌హువాంగ్, త్సోంగ్‌జియాంగ్ టౌన్ నుంచి వ్యాన్‌లో వెళ్ళాలి, మన షేర్ ఆటోల్లాగ నిండితేనే కదులుతుంది. పాటల ఊరు అది. డాంగ్ వాళ్ళ గ్రాండ్ సాంగ్ 2009లో యునెస్కో లిస్టులో చేరింది, 1986లో పారిస్‌లో పాడి వచ్చారు కూడా. వాయిద్యం లేదు, చెయ్యి ఊపి నడిపించే మనిషి లేడు, కొందరు కింద ఒకే స్వరం పట్టుకుని ఉంటే ఒకరిద్దరు పైన పాడతారు, కింద వాళ్ళు ఊపిరి ఒకరి తర్వాత ఒకరు తీసుకుంటారు కాబట్టి శబ్దం ఎక్కడా తెగదు. స్టేజి మీద ప్రోగ్రామ్ కూడా ఉంటుంది గానీ మేము విన్నది రాత్రి భోజనాలయ్యాక డ్రమ్ టవర్ కింద, చిన్నపిల్లలకి ఒక పెద్దావిడ నేర్పిస్తోంది. తప్పు పాడితే ఆపి మళ్ళీ మొదటినుంచి. కీచురాయి అరుపులా గొంతు వణికించే చోట ఒక పాప మూడుసార్లు ఆగిపోయింది, నాలుగోసారి వచ్చేసరికి పక్కన చలి కాచుకుంటున్న తాతలందరూ నవ్వారు. వాళ్ళ భాషకి పాతకాలం నుంచి లిపి లేదు, 1958లో రోమన్ అక్షరాలతో ఒకటి చేశారు, అప్పటిదాకా చరిత్ర, నీతి, పెళ్ళి మాటలు అన్నీ పాటల్లోనే దాచుకున్నారు. ఆ పాప తప్పుని ఆవిడ ఎందుకు వదల్లేదో నాకు అప్పుడు అర్థమైంది.

చీరాల_మగ్గం:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి, చదువుతుంటేనే ఒళ్ళు పులకరించింది. ఆ తెల్లసొన సంగతి నాన్నకి చెప్పా. మన దగ్గర తేలియా రుమాల్‌కి నూలుని నూనెలో, బూడిద నీళ్ళలో ఎన్నో రోజులు నానబెట్టి పిసికేవాళ్ళు కదా, ఆయన వెంటనే అదే గుర్తు చేసుకున్నారు. ఆయన నేసిన రుమాలు ఒకటి పట్టుకెళ్ళి అక్కడ బట్ట కొట్టే ఆవిడకి ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా? ఏమైనా అనుకుంటారా? ఇంకా వెజ్ సంగతి ఎవరూ చెప్పలేదు, మా ఆవిడ అదే అడుగుతోంది.

వెజ్_ప్రయాణం:
తమ్ముడూ, నేనూ మా వారూ పూర్తి శాకాహారులం, పోయినేడాది సాన్‌జియాంగ్ వైపు వెళ్ళొచ్చాం, అంటే గ్వాంగ్షీలో ఉన్న డాంగ్ ఊళ్ళు. ఆకలితో మాత్రం ఉండలేదు కానీ నిజం చెప్పాలంటే కొంచెం కష్టమే. అక్కడ కూరగాయలు కూడా పంది కొవ్వులో వేయిస్తారు, అదే అసలు సమస్య. "మాంసం వద్దు" అంటే మాంసం ముక్కలు తీసేసి అదే నూనెలో చేస్తారు, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి కొవ్వు మాంసం కింద లెక్క కాదు. అందుకని "వో ఛీ సూ" అంటే నేను శాకాహారిని, "బూ యావ్ ఝూ యోవ్" అంటే పంది నూనె వద్దు, ఈ రెండూ చైనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి, చెప్తే మన ఉచ్చారణ వాళ్ళకి అర్థం కాదు, చూపించండి. అక్కడ కెమీలియా గింజల నూనె కూడా వాడతారు, అది అడిగితే వేరే గిన్నెలో చేసిపెట్టారు మాకు.

పొద్దున బియ్యం నూడుల్స్ అందరూ తింటారు, వాటి జోలికి వెళ్ళొద్దు, నీళ్ళు ఎముకల పులుసే. మేము తిన్నవి జిగురు బియ్యం ఆవిరి అన్నం, టోఫు, గుమ్మడి, చిలగడదుంప, ఆకుకూరలు. ఆ జిగురన్నాన్ని చేత్తోనే ముద్ద చేసుకుని తింటారు, మనలాగే, అది చూసి నాకెంత హాయిగా అనిపించిందో. మేము కందిపొడి ప్యాకెట్ పట్టుకెళ్ళాం, ఇంటావిడకి కొంచెం పెడితే కారం బాగుందని సైగ చేసింది. ఆయిల్ టీ అని ఒకటి ఇస్తారు, టీ ఆకు నూనెలో వేయించి మరిగించి ఉప్పేసి, పేలాలు, వేరుశనగలు వేసి గిన్నెలో ఇస్తారు, ఏ నూనో అడిగి తాగండి, చాలా బాగుంటుంది.

కూరగాయల పెట్టె దగ్గరికి మీరే వెళ్ళి వేలు పెట్టి చూపిస్తే ఏమీ అనుకోరు, అందరూ అలాగే చేస్తారు.

చెంగ్‌యాంగ్ వంతెన కూడా చూడండి వీలైతే, సాన్‌జియాంగ్ టౌన్‌కి ఉత్తరంగా ఓ 20 కిలోమీటర్లు. 1912లో మొదలుపెట్టి 1924కి పూర్తి చేశారట, మేకు లేదు, పైన ఐదు గోపురాలు, లోపల ఇటూ అటూ బెంచీలు. వానొస్తే పొలం నుంచి వచ్చేవాళ్ళంతా అందులోనే ఆగుతారు, అందుకే గాలివాన వంతెన అంటారు. ఎనిమిది ఊళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, నడుచుకుంటూ తిరగొచ్చు.

గ్వాంగ్షీ_డాక్టరమ్మ:
రుమాలు తప్పకుండా ఇవ్వండి, చాలా సంతోషిస్తారు. ముసలావిడలకి చైనీస్ కూడా సరిగ్గా రాదు, డాంగ్ భాషే, దాన్ని ఏ ట్రాన్స్‌లేటర్ యాపూ పట్టుకోదు, ఇంట్లో బడికెళ్ళే మనవడో మనవరాలో ఉంటే వాళ్ళే మీకు దుబాసీ. బట్ట కొనాలంటే షాపులో కాకుండా నేసిన మనిషి దగ్గరే కొనండి, బేరం గట్టిగా ఆడొద్దు, ఒక ముక్క వెనక నెలల పని ఉంటుంది. ఫోటో తీసేముందు అడగండి, గుడి దగ్గర అసలు తీయొద్దు, సా అని వాళ్ళ ఆడ దేవత, మన గ్రామదేవతలాంటిది, ఊరంతటికీ తల్లి.

గెస్ట్ హౌస్ గురించి ఒక మాట. ఫారినర్ ఎక్కడ పడుకున్నా 24 గంటల్లో పోలీస్ రిజిస్ట్రేషన్ జరగాలి, పెద్ద హోటళ్ళు వాళ్ళే చేసేస్తారు, చిన్న ఊళ్ళలో ఇంటివాళ్ళకి ఎలా చేయాలో తెలియక భయపడి వద్దంటారు. నాకొకసారి అలా రాత్రి ఎనిమిదింటికి ఒక చోట రూమ్ లేదన్నారు. బుక్ చేసినప్పుడే పాస్‌పోర్ట్ ఫోటో పంపించి ఫారినర్లని తీసుకుంటారా అని అడిగితే గొడవ ఉండదు.

సింగపూర్_శ్రీకాకుళం:
అన్నా, ఇంకో రెండు మాటలు. రోంగ్‌జియాంగ్ దగ్గర దాలీ అనే డాంగ్ ఊరుంది, చాలా ప్రశాంతంగా ఉంటుంది, కానీ బుకింగ్ యాప్‌లో దాలీ అని కొడితే యునాన్‌లో ఉన్న పెద్ద దాలీ వస్తుంది, అది వేరు, ఎన్నో వందల కిలోమీటర్ల దూరం, చూసుకోండి. రోంగ్‌జియాంగ్‌లో 2023 నుంచి ఊళ్ళ ఫుట్‌బాల్ పోటీలు బాగా ఫేమస్ అయ్యాయి, మ్యాచ్ ఉన్న శని ఆదివారాల్లో అక్కడ రూములు దొరకవు.

అక్టోబర్‌లో పొలాలు కూడా చూడు. వరిలోనే చేపలు, బాతులు పెంచుతారు, 2011లో దాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వం కింద గుర్తించారు. కోతకి ముందు నీళ్ళు వదిలేసి పిల్లలు బురదలో దిగి చేపలు పట్టుకుంటారు, వాటినే ఉప్పు, మిరపకాయ, జిగురన్నం కలిపి చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరబెడతారు. జిగురు వరి పనలు ఎత్తైన చెక్క దడుల మీద ఆరేస్తారు, ఊరంతా బంగారు రంగు.

ఇళ్ళన్నీ చెక్కవే కాబట్టి నిప్పంటే ప్రాణభయం, 2014 జనవరిలో బావోజింగ్ అనే డాంగ్ ఊళ్ళో ఒక్క రాత్రిలో వందకి పైగా ఇళ్ళు కాలిపోయాయి. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ రాత్రిపూట ఒక మనిషి నిప్పు జాగ్రత్త అని అరుస్తూ తిరుగుతాడు. రూములో కెటిల్, ఫోన్ ఛార్జర్ రాత్రంతా పెట్టి వదిలేయకండి, మీ ఆవిడకి అన్నం వండుకోవడానికి ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్దామనుకుంటే ఇంటివాళ్ళని అడిగే వాడండి. చెక్క నేల కాబట్టి పై అంతస్తులో నడిస్తే కింద పడుకున్నవాళ్ళకి వినిపిస్తుంది, మెత్తటి సాక్సులు పట్టుకెళ్ళండి. అక్టోబర్ రాత్రులు కొండ మీద చలి, స్వెట్టర్ కూడా.

చీరాల_మగ్గం:
అర్థమైందండి. గ్వాంగ్‌ఝో దిగి రైలెక్కి జావోషింగ్‌లో ఒక రాత్రి, తాంగ్‌ఆన్‌లో నాలుగు, తర్వాత షియావ్‌హువాంగ్‌లో మూడు, అంతే పెట్టుకుంటున్నాం, చెంగ్‌యాంగ్ ఈసారికి వదిలేస్తున్నా. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌ఝోకి 2025 అక్టోబర్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు మళ్ళీ మొదలయ్యాయి కదా, హైదరాబాద్ నుంచి అలా వెళ్ళడం నయమా, హాంకాంగ్ మీదుగా రైల్లో వెళ్ళడం నయమా?

వెజ్_ప్రయాణం:
హాంకాంగ్ మీదుగా అయితే, హాంకాంగ్ వరకు మన పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేదు గానీ ముందే ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ చేసుకోవాలి తమ్ముడూ, ఇమిగ్రేషన్ కూడా రెండుసార్లు. సామాను తక్కువుంటే సరే. నేనైతే కోల్‌కతా మీదుగానే వెళ్తాను. కందిపొడి మాత్రం సీల్ ఉన్న ప్యాకెట్‌దే తీసుకెళ్ళు.