పాఠశాల పిల్లలతో కథలు రాయించడం: గైడు భాష నుంచి బయటికి తేవడం ఎలా?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, తిరుపతి

నేను తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖలో పరిశోధన చేస్తున్నాను. చంద్రగిరికీ పాకాలకూ మధ్య ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు కథారచన నేర్పే పనిని మా శాఖ నాకూ, మరో నలుగురు ఎం.ఏ. విద్యార్థులకూ అప్పగించింది. మొత్తం ఎనిమిది శనివారాలు, ఒక్కోసారి గంటన్నర. ఇప్పటికి రెండు వారాలు గడిచాయి.

మొదటి వారం మీకు తెలిసిన పండుగ గురించి రాయమన్నాను. ముప్పై నాలుగు మంది రాశారు. చాలామంది కాగితాలు “మన భారతదేశం పండుగలకు పుట్టినిల్లు” అనే వాక్యంతోనే మొదలయ్యాయి. ఆ తరువాత భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, వాళ్లలో ఒక అబ్బాయి తిరుపతి గంగమ్మ జాతరలో తన మేనమామ ఒళ్లంతా తెల్లగా నామకొమ్ము పూసుకుని బైరాగి వేషం కట్టిన సంగతి చెప్పాడు. మామను గుర్తుపట్టలేక చెల్లెలు గుక్కపట్టి ఏడవడం, మామ ఆమెను నవ్వించబోయి ఇంకా భయపెట్టడం, చివరికి అవ్వ వచ్చి ఇద్దరినీ తిట్టడం, అన్నీ అభినయించి చూపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు అన్నం తినడం మరచిపోయి విన్నారు.

రెండో వారం అదే సంగతిని రాయమన్నాను. “అది రాయొచ్చా మేడమ్?” అని అడిగి, అరగంట కష్టపడి, “మా మామయ్య గారు వేషము ధరించి అమ్మవారిని దర్శించుకొనిరి” అని ఇచ్చాడు. అందులో చెల్లెలు లేదు, అవ్వ లేదు, నామకొమ్మూ లేదు. నోటితో అంత బాగా చెప్పిన కథ కాగితం మీదికి వచ్చేసరికి ఎందుకు చచ్చిపోతోంది? అక్షరదోషాలను ఎంతవరకు దిద్దాలి? చివరి వారం పిల్లల కథలతో ఒక సంకలనం అచ్చువేసి సభ పెట్టాలని శాఖలో అనుకుంటున్నారు. అది మేలు చేస్తుందా?

జవాబు: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పాకాల

అమ్మా, ఆ పిల్లవాడు అడిగిన “అది రాయొచ్చా” అన్న మాటలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. మన తెలుగు పరీక్షలో ‘వ్యక్తీకరణ – సృజనాత్మకత’ అని ఒక విభాగం ఉంటుంది. ఉద్దేశం మంచిదే. అయితే ఆ ప్రశ్నలకు కూడా గైడులో నమూనా జవాబులు ఉంటాయి, పిల్లలు వాటిని వల్లె వేస్తారు, మేము వాటికే మార్కులు వేశాము. నేను ముప్పై ఏళ్లకు పైగా వేశాను కనుక ఈ తప్పులో నా వాటా తక్కువేమీ కాదు. సృజనకు కూడా సరైన జవాబు ఒకటి ఉంటుందనీ, అది తమ ఇంట్లో మాత్రం ఉండదనీ పిల్లలు అలా నేర్చుకున్నారు.

కాబట్టి వచ్చే వారం ఆ అబ్బాయి చేతికి కలం ఇవ్వకండి. ఇద్దరిద్దరిని జోడీగా కూర్చోబెట్టి, ఒకరు చెబుతుంటే మరొకరిని విన్నది విన్నట్టు రాయమనండి. చెప్పేవాడికి వాక్యం గురించిన భయం ఉండదు, రాసేవాడికి విషయం గురించిన బెంగ ఉండదు. తరువాత ఆ కాగితాన్ని చెప్పినవాడికే ఇచ్చి, “నువ్వు చెప్పినదాంట్లో ఏది తప్పిపోయింది?” అని అడగండి. వాడు పక్కన గీసి చేర్చే రెండు వాక్యాలే అసలైన రచన. తిరగరాయడం అంటే పిల్లలకు తెలిసింది ముత్యాల్లాంటి అక్షరాలతో మళ్లీ ఎత్తిరాయడమే. రాసినదానికి చేర్చవచ్చుననీ, కొట్టివేయవచ్చుననీ వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంకొక ఉపాయం. వేమన ఆటవెలదుల్లో నాలుగో పాదం దాదాపు ఎప్పుడూ “విశ్వదాభిరామ వినురవేమ” కనుక, పద్యం ఎక్కడికి చేరాలో ముందే తెలిసిపోతుంది. మన శతకాల మకుటాన్ని పిల్లలకు ఊతకర్రగా వాడవచ్చు. గణాలూ యతులూ వద్దు. ఒక్కొక్కరినీ తమకంటూ ఒక మకుటం పెట్టుకోమనండి. మా బడిలో ఒక పాప “ఏమంటావు చింతచెట్టూ” అని పెట్టుకుంది, మరొకడు “వినవే మా అవ్వా” అన్నాడు. పైన మూడు వరుసలు తాము చూసినవి రాసి, కింద మకుటం వేయాలి. ఎవరికో చెబుతున్నామన్న భావన కలగగానే గైడు భాష దానంతటదే జారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇంటి మాటలను రానివ్వండి. చేను గట్టును గెనిమ అనే పిల్లవాడు గెనిమ అనే రాయాలి, చెనిక్కాయలను వేరుశనగలుగా మార్చనక్కరలేదు. పొరుగున ఉన్న దామలచెరువును పిల్లలకు చూపించండి. వాళ్లకు ఆ ఊరు మామిడికాయల మండీగా మాత్రమే తెలుసు. అక్కడ బడిపంతులుగా పనిచేస్తూ కథలు రాసిన మధురాంతకం రాజారాం గారికి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రచయిత అంటే ఫొటోలో పూలదండ వేసుకున్న దూరపు మనిషి అనుకునే పిల్లలకు, తాము బస్సు దిగే ఊళ్లోనే ఒకాయన ఉండేవారని తెలియడం చిన్న విషయం కాదు.

జవాబు: ప్రధానోపాధ్యాయురాలు, చిత్తూరు

నాది సాహిత్యం కాదు, గణితం. బడి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. మీ ఎం.ఏ. విద్యార్థులు జాతీయ సేవా పథకం కింద వస్తున్నారేమో చూసుకోండి. ఆ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు పూర్తిచేయాలి. ఆ లెక్క నిండగానే రావడం మానేసిన బృందాన్ని నేను చూశాను. మూడు వారాల పాటు శనివారం మధ్యాహ్నం పిల్లలు వరండాలో ఎదురుచూశారు. ఎనిమిది వారాలు అని చెబితే ఎనిమిదీ రావాలి, అదే మనుషులు రావాలి.

మీ ఎనిమిది శనివారాల్లో ఫార్మెటివ్ పరీక్షల వారం ఏదైనా పడితే దాన్ని ఇప్పుడే తప్పించండి. వచ్చే ఏడాదికి ఎనిమిదో తరగతిని ఎంచుకుంటే ఇంకా మంచిది. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని బడిని సూచించింది కాబట్టి, అనుమతి అడగడానికి మీకు ఒక ఆధారం దొరుకుతుంది.

జవాబు: పూర్వ విద్యార్థిని, నగరి

ఎం.ఏ. చదివేటప్పుడు నేనూ ఇటువంటి కార్యక్రమానికి వెళ్లాను. మా సరిహద్దు ఊళ్లలో చాలామంది పిల్లల ఇంటిభాష తమిళం. ఎప్పుడూ మాట్లాడని ఒక అబ్బాయిని తమిళంలోనే చెప్పమంటే, చెరువులో ఎద్దును కడిగే పనిని పది నిమిషాలు చెప్పాడు. పక్కనున్న స్నేహితుడు దాన్ని తెలుగులో రాశాడు. పైన అయ్యవారు చెప్పిన జోడీ పద్ధతి అక్కడ ఇంకా బాగా పనిచేస్తుంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక అమ్మాయి తన తండ్రి తాగి వచ్చిన రాత్రి గురించి రాసింది. చాలా బాగా రాసిందన్న ఉత్సాహంతో, ఆమెను అడగకుండానే తరగతిలో చదివి వినిపించాను. మరుసటి వారం ఆ అమ్మాయి రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఇంటి సంగతులు రాయమని అడిగే హక్కు మనకు ఉందనుకుంటే, వాటిని దాచిపెట్టే బాధ్యత కూడా మనదే. అందుకే సంకలనం గురించి జాగ్రత్తగా ఉండండి. అచ్చు అనగానే పిల్లలు మళ్లీ “పుట్టినిల్లు” వాక్యానికే పరుగెత్తుతారు. అంతకంటే గోడపత్రిక నయం. ఇష్టమైనవాళ్లు అంటిస్తారు, వద్దనుకున్న రోజు వాళ్లే తీసేసుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: మూడో శనివారం తరువాత

అయ్యవారికీ, మిగిలిన ఇద్దరికీ నమస్కారాలు. జోడీలుగా కూర్చోబెట్టాము. గది సంతలాగా ఉందని పక్క తరగతి ఉపాధ్యాయుడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లారు. జాతర అబ్బాయి చెప్పింది అతని స్నేహితుడు రాశాడు, తరువాత అతనే మూడు వాక్యాలు చేర్చాడు. ఆ చేర్చినవి ఇవి: “మా మామ మొగం సున్నం కొట్టిన గోడ మాదిరి ఉణ్ణింది. మా చెల్లి ఈయప్ప ఎవురు అని ఏడ్చింది. మా మామకు కూడా ఏడుపొచ్చింది కానీ తెల్లది కారిపోతాదని ఆపుకున్నాడు.”

మూడో వాక్యం అతను భోజనాల దగ్గర చెప్పనిది. కాగితం మీదే పుట్టింది. గోడపత్రికకు పాఠశాలలో ఒప్పుకున్నారు, మా శాఖ మాత్రం సంకలనం కావాలనే అంటోంది. ‘మొగం’, ‘ఉణ్ణింది’, ‘ఎవురు’ అన్న మాటలను అచ్చుకు ముందు దిద్దమని మా పర్యవేక్షకులు సూచించారు. నేను ఇంకా దిద్దలేదు. ఆ అబ్బాయినే అడగాలా, లేక అలా అడగడమే తప్పుందని చెప్పినట్టు అవుతుందా?