ప్యాకేజీ వేశాక సర్వర్ కాన్ఫిగరేషన్ మారితే తప్పు ఎవరిది?

అమలాపురం నుంచి:
అంబాజీపేట కొబ్బరి ధరలను రోజూ ప్రకటించే ఒక వెబ్‌సైటు నిర్వహణ నాది. సర్వరులో ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), పేజీలను అందించే అపాచీ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. నిన్న అపాచీ కోసం పీహెచ్‌పీ (పేజీలను తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) మాడ్యూల్ వేసిన తరువాత, పేజీలను వేగంగా పంపే హెచ్‌టీటీపీ/2 ఆగిపోయింది. నేను ఒక్క కాన్ఫిగ్ ఫైలు కూడా తెరవలేదు. నన్ను అడగకుండా అమరిక మార్చే హక్కు ఇన్‌స్టాలరుకు ఉందా?

భీమవరం నుంచి:
ఆ హక్కు మీరు ఇచ్చిందేనండీ. అపాచీ థ్రెడ్లతో (ఒకే ప్రాసెస్‌లో సమాంతరంగా సాగే పనులతో) నడిచే ఈవెంట్ పద్ధతికి ఆ మాడ్యూల్ సరిపడదు కనుక, దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఈవెంట్‌ను తీసి, థ్రెడ్లు లేని ప్రీఫోర్క్ పద్ధతిని పెడుతుంది. అపాచీ 2.4.27 నుంచి ప్రీఫోర్క్ కింద హెచ్‌టీటీపీ/2 నడవదు. ‘స్విచ్ టు ప్రీఫోర్క్’ అన్న వరుస తెర మీద వచ్చే ఉంటుంది. ఏ ప్యాకేజీ ఎప్పుడు వచ్చిందో ప్యాకేజీలు వేసే ఆప్ట్ హిస్టరీ లాగ్‌లో చూడండి. మాడ్యూల్ బదులు, పీహెచ్‌పీని అపాచీ బయట విడిగా నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం వాడితే ఈవెంట్ కదలదు.

పాలకొల్లు నుంచి:
కారణం చెప్పినంత మాత్రాన అడగనక్కరలేదా? మనం దిద్దుకున్న ఫైలుకు ప్యాకేజీలో కొత్త రూపం వస్తే ప్యాకేజీలను అమర్చే డీపీకేజీ ఆగి అడుగుతుంది, ఊరికే ఎంటర్ నొక్కినా మనదే ఉంచుతుంది. ఏ మాడ్యూళ్లు నడవాలో చెప్పే మాడ్స్-ఎనేబుల్డ్ ఫోల్డరులో ఉన్నవి వేరేచోటి ఫైళ్లకు లింకులు మాత్రమే కనుక ఆ రక్షణ వాటికి వర్తించదు. చెప్పకుండా లాకు తలుపు ఎత్తి, తరువాత రిజిస్టరులో రాశామంటే కాలువ కింది రైతు ఒప్పుకుంటాడా? సైటుకు భద్రతా సర్టిఫికెట్ తెచ్చే సర్ట్‌బాట్ ధోరణీ ఇంతే: అపాచీ లాంటి మరో వెబ్ సర్వరు ఎన్‌జిన్‌ఎక్స్ ప్లగిన్‌తో నడిపితే మన సర్వర్ బ్లాకులోనే (సైటు అమరిక భాగంలోనే) వరుసలు చేర్చి, పక్కన ‘మేనేజ్డ్ బై సర్ట్‌బాట్’ అని రాస్తుంది. అందుకే నేను కాన్ఫిగ్ ముట్టని సర్ట్‌ఓన్లీ ఆదేశంతో సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ వరుసలు నా చేత్తో రాసుకుంటాను.

భీమవరం నుంచి:
లింకుల విషయంలో మీ మాటే సరి, నేను దాటవేశాను. అయితే, దానంతట అదే మారిందని నా దగ్గరకు వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు మన చేతి పనులే. ఫైలు దిద్దే ముందు పాత కాపీని, నడిచే సైట్ల ఫైళ్లుండే సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డరులోనే దాచేవారు ఎందరో ఉన్నారు. డెబియన్, ఉబుంటు అమరికలో ఎన్‌జిన్‌ఎక్స్ అక్కడి ప్రతి ఫైలునూ, చివర ‘పాతది’ అని ఉన్నా సరే, చదువుతుంది. రీలోడ్ చేయనంతకాలం ఏమీ తెలియదు. నెలల తరువాత ఏదో ప్యాకేజీ వేసినప్పుడు సర్వర్ రీస్టార్ట్ అయి తప్పు బయటపడుతుంది, నింద ఆ ప్యాకేజీ మీద పడుతుంది.

అమలాపురం నుంచి:
మీరు చెప్పినట్లే ఎఫ్‌పీఎంకు మారాను. ముందుగా ఈటీసీకీపర్ వేశాను. ఆప్ట్ నడిచే ముందూ తరువాతా, కాన్ఫిగ్ ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీని అది తనంతట తానే గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనంలో) నమోదు చేస్తుంది. పీహెచ్‌పీ మాడ్యూల్‌నూ ప్రీఫోర్క్‌నూ తీసి, ఈవెంట్ పెట్టి, కాన్ఫిగ్‌టెస్ట్‌లో ‘సింటాక్స్ ఓకే’ వచ్చాకే రీస్టార్ట్ చేశాను. గిట్ తేడాలో ప్రీఫోర్క్ లింకులు రెండు పోయి, ఈవెంట్ లింకులు రెండు చేరినట్లు కనిపిస్తోంది. హెచ్‌టీటీపీ/2 తిరిగి వచ్చింది. అడగకుండా మార్చారన్న అభ్యంతరం మాత్రం నాకు ఇంకా ఉంది.